బాయి కాడ, బాయిల

గోదావరిఖనిలోనో మందమర్రిలోనో ఒక సింగరేణి కార్మికుడి ఇంటి ముందు నిలబడి ఆయన కోసం అడిగితే, లోపలి నుంచి వచ్చే జవాబు రెండు రకాలుగా ఉంటుంది. ‘బాయి కాడ ఉన్నడు’ అంటారు. లేదంటే ‘బాయిల ఉన్నడు’ అంటారు. అక్కడ బాయి అంటే బొగ్గుగని. మొదటి జవాబుకు అర్థం మనిషి గని ఆవరణలో, పైనే ఉన్నాడని. మస్టర్ వేయించుకుంటుండొచ్చు, క్యాంటీన్‌లో చాయ తాగుతుండొచ్చు. కబురు పెడితే అందుతుంది. రెండో జవాబుకు అర్థం మనిషి భూమి కింద ఉన్నాడని. షిఫ్టు అయిపోయి పైకి వచ్చేదాకా ఏ కబురైనా ఆగాల్సిందే. గనిలో పైకప్పు కూలిందన్న మాట వాడలోకి వచ్చిన పూట ఆ ఇల్లాలు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు ఈ రెండు మాటల్లోనే ఉంటుంది. ‘కాడ’ అంటే ఊపిరి పీల్చుకుంటుంది. ‘ల’ అంటే చెప్పులు కూడా వేసుకోకుండా బయలుదేరుతుంది.

ఇదే తేడాను ఇంగ్లీషువాళ్లు ‘ఎట్’, ‘ఇన్’ అనే రెండు మాటలతో చెబుతారు. ‘ఎట్ ద మైన్’ అంటే గని కాడ. ‘ఇన్ ద మైన్’ అంటే గనిల. అంతకంటే ఎక్కువా లేదు, తక్కువా లేదు. అయినా ఆ ఇంటి పిల్లవాడే బళ్లో ఇంగ్లీషు పరీక్ష రాసేటప్పుడు ‘ఎట్’ ఉండాల్సిన ఖాళీలో ‘ఇన్’ పెడతాడు, ‘ఇన్’ ఉండాల్సిన చోట ‘ఆన్’ పెడతాడు. పేపరు మీద ఎర్రసిరా పడుతుంది. ప్రిపొజిషన్లు వీడి తలకెక్కవని సార్లు అంటారు, వాడూ నమ్ముతాడు. పుట్టినప్పటి నుంచి ‘కాడ’కూ ‘ల’కూ ఒక్కసారి కూడా తడబడని పిల్లవాడికి ‘ఎట్’కూ ‘ఇన్’కూ తేడా తెలియదంటే నాకు నమ్మబుద్ధి కాదు. తేడా వాడికి తెలుసు. ఆ తెలివికీ ఈ ఖాళీకీ మధ్య దారి వేసినవాళ్లు లేరు.

దారి ఎక్కడ తెగిందో వెతికితే, అది ఇంగ్లీషు పీరియడ్‌లో తెగలేదు. అంతకుముందే, తెలుగు పీరియడ్‌లో తెగింది. బళ్లో విభక్తులు వల్లె వేయిస్తాం. డు, ము, వు, లు ప్రథమా విభక్తి అని మొదలుపెట్టి సప్తమి దాకా పిల్లలు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చిన నాటి నుంచి ఆ వరసకు ఒక గౌరవం ఉంది, ఉండాలి కూడా. కానీ అందులోని ‘వలనన్’, ‘కొఱకున్’, ‘అందున్’ కరీంనగర్ ఇళ్లలో వినపడే మాటలు కావు. ఇంట్లో వినపడేవి వేరు: కాడ, కెల్లి, సంది, దాక, లోపట, తోని. ఇవీ విభక్తుల పనే చేస్తాయని పిల్లవాడికి చెప్పేవాళ్లు లేరు. తరువాతి పీరియడ్‌లో ఇంగ్లీషు సారు వచ్చి ప్రిపొజిషన్లు మొదలుపెడతాడు. విభక్తికీ ప్రిపొజిషన్‌కూ చుట్టరికం ఉందన్న సంగతి ఆయనా చెప్పడు. మూడూ మూడు గదుల్లో ఉండిపోతాయి: ఇంటి మాట ఒక గదిలో, తెలుగు వ్యాకరణం ఒక గదిలో, ఇంగ్లీషు ఒక గదిలో.

ఒక పెద్ద తేడా మాత్రం నిజంగానే ఉంది. మన మాట పేరు వెనక నిలబడుతుంది, ఇంగ్లీషు మాట పేరు ముందు నిలబడుతుంది. మనం ‘బస్టాండు కాడ’ అంటాం, వాళ్లు కాడను ముందు చెప్పి బస్టాండును తరువాత చెబుతారు. ఇది చిన్న సంగతిలా కనపడుతుంది గానీ, ఆదిలాబాద్ వైపు నుంచి చూస్తే ఎంత పెద్దదో తెలుస్తుంది. పెన్‌గంగకు ఇవతల ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు వైపు సంతకు వెళ్తే తెలుగు, గోండీ, కొలామీ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ ఒకే పొద్దులో చెవిన పడతాయి. వీటిలో మూడు ద్రావిడ భాషలు, మూడు ఆర్యభాషలు. పుట్టుక వేరైనా ఈ ఒక్క విషయంలో అన్నిటిదీ ఒకే దారి: లోపల, మీద, నుంచి, కోసం అని చెప్పే మాట పేరు వెనకే వస్తుంది. అంటే మూడు నాలుగు భాషలు మాట్లాడే పిల్ల కూడా బడికి వచ్చేదాకా ముందు నిలబడే మాటను ఒక్కదాన్ని కూడా చూసి ఉండదు. ఆ పిల్ల ఇంగ్లీషు వాక్యం ముందు ఒక్క క్షణం ఆగిందంటే అందులో వింత లేదు. ఆగనివ్వాలి.

ఇదే కష్టం ఎదురు దిక్కు నుంచి వచ్చినవాళ్లూ పడ్డారు. సి.పి. బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. ఆర్డెన్ 1873లో మరొకటి రాశాడు. తెలుగు నేర్చుకోబోయే తమవాళ్లకు, ఇక్కడ ఆ మాటలన్నీ వెనక వస్తాయని ఓపికగా చెప్పుకోవాల్సి వచ్చింది. పైగా ఇంగ్లీషు కూడా ఒకప్పుడు విభక్తుల భాషే. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో పేర్ల చివర ప్రత్యయాలు ఉండేవి. కాలక్రమంలో అవి అరిగిపోయాయి. ఆ బరువంతా పేరు ముందున్న చిన్న మాటల మీద పడింది. కాబట్టి ప్రిపొజిషన్ మనకు పరాయి ఆలోచన కాదు. మన విభక్తి వెనక నిలబడి చేసే పనినే అది ముందు నిలబడి చేస్తోంది.

ఆ పని ఎంత దగ్గరగా కలుస్తుందో చూడటానికి కాలం గురించి మనం చెప్పే మాటలు చాలు. ‘ఐదు గంటలకు వస్త’, ‘సోమవారం నాడు వస్త’, ‘ఎండకాలంల వస్త’. గడియారానికి ‘కు’, రోజుకు ‘నాడు’, నెలకూ రుతువుకూ ‘ల’. ఇంగ్లీషులోనూ మూడు మెట్లే: గడియారానికి ‘ఎట్’, రోజుకు ‘ఆన్’, నెలకూ రుతువుకూ ‘ఇన్’. చుక్కలాంటి సమయం, ఒక రోజు, విశాలమైన కాలం, ఈ మూడింటినీ మన అవ్వలు వేరు చేసినట్టే వాళ్ల అవ్వలూ వేరు చేశారు. చోటుకూ అంతే: బస్టాండు కాడ, గద్దె మీద, గదిల. ‘ఎట్’, ‘ఆన్’, ‘ఇన్’. కరీంనగర్ పిల్లలకు ఈ రెండు వరసలూ పక్కపక్కన రాసి చూపిస్తే ఇంగ్లీషు ప్రిపొజిషన్లలో మొదటి పెద్ద అంకం ఒక పూటలో ముగుస్తుంది. ‘ఎట్ నైట్’ అంటూనే ‘ఇన్ ద మార్నింగ్’ అనడం, ‘సోమవారం పొద్దున’ అనగానే రోజుదే పైచేయి అయి ‘ఆన్’ రావడం లాంటి మెలికలు కొన్ని ఉంటాయి. అవి తరువాత వస్తాయి. ముందు ఇల్లు నిలబడాలి.

ఇంకొక సంగతి. ‘సిన్స్’, ‘ఫ్రమ్’, ‘ఫర్’ ఈ మూడింటి దగ్గర రాష్ట్రమంతా తడబడుతుంది. పుస్తకాల తెలుగులో ఈ మూడు చోట్లా ‘నుంచి’ అనే రాస్తాం: కరీంనగర్ నుంచి వచ్చాను, సోమవారం నుంచి జ్వరం, ఐదేళ్ల నుంచి చదువుతున్నాను. ఒక్క ‘నుంచి’ మూడు పనులు చేస్తోంది కాబట్టి మూడింటికీ ఒకే ఇంగ్లీషు మాట పెట్టాలని పిల్లవాడికి తోస్తుంది. కానీ ఉత్తర తెలంగాణ ఇళ్లలో మాట అలా ఉండదు. ‘కరీంనగర్ కెల్లి వచ్చిన’ అంటారు, ‘సోమవారం సంది జరం’ అంటారు. చోటు నుంచి అయితే కెల్లి, కాలం నుంచి అయితే సంది. బడి పుస్తకం చెరిపేసిన తేడాను ఇంటి మాట నిలుపుకుంది. ‘కెల్లి’ అన్నచోట ‘ఫ్రమ్’ అని, ‘సంది’ అన్నచోట ఆగి చూడమని చెబితే సగం పని అయిపోతుంది. మిగిలిన సగం ఒక్క ప్రశ్న: సంది ముందు ఉన్నది మొదలైన గుర్తా, గడిచిన పొడవా? ‘సోమవారం సంది’లో సోమవారం మొదలైన గుర్తు, అక్కడ ‘సిన్స్’. ‘ఐదేండ్ల సంది’లో ఐదేండ్లు గడిచిన పొడవు, అక్కడ ‘ఫర్’. ఇళ్లలో మాట్లాడే ఈ తెలుగును ముతక మాట అని పక్కన పెట్టడం వల్ల మనం పోగొట్టుకున్నది కేవలం యాస కాదు, చేతిలో ఉన్న తాళంచెవి.

అయితే ఈ తాళంచెవి అన్ని తలుపులూ తెరవదు. ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

ఊరి బయట ఒక మామిడి చెట్టును చూడండి. దాని మీద రామచిలుక వాలింది, దానికి కాయలు కాశాయి. ‘చెట్టు మీద చిలుక’ అంటాం, ‘చెట్టుకు కాయలు’ అంటాం. ‘చెట్టు మీద కాయలు’ అంటే కోసి పైన పెట్టినట్టు ఉంటుంది, ‘చెట్టుకు చిలుక’ అంటే చిలుకను కట్టేసినట్టు ఉంటుంది. ఎగిరిపోయేదానికి ‘మీద’, అంటుకుని ఉన్నదానికి ‘కు’. ఇదే చెట్టును ఇంగ్లీషువాళ్లు ఇంకోలా చూస్తారు. వాళ్లకు చిలుక చెట్టులో ఉంటుంది, ‘ఇన్ ద ట్రీ’. కొమ్మలూ ఆకులూ చుట్టూ ఉన్నాయి కాబట్టి అది చెట్టు లోపలిది. కాయలు మాత్రం చెట్టు మీద ఉంటాయి, ‘ఆన్ ద ట్రీ’. కొమ్మ ఉపరితలానికి తగిలి ఉన్నాయి కాబట్టి. చెట్టు ఒకటే, చిలుక ఒకటే, కాయ ఒకటే. మన కన్ను ఏది విడిగా ఉంది, ఏది అంటుకుంది అని చూసింది. వాళ్ల కన్ను ఏది చుట్టుముట్టింది, ఏది పైన తగిలింది అని చూసింది. రెండు చూపుల్లో ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అని చెప్పడానికి వీల్లేదు.

ఈ ‘కు’ ఎంత అందమైనదో మనం సాధారణంగా గమనించం. వేలికి ఉంగరం, చెవికి కమ్మ, గోడకు పటం, తలకు రుమాలు. గోడ మీద పిల్లి వేరు, గోడకు పటం వేరు. ఇంగ్లీషు ఈ రెంటికీ ‘ఆన్’ అనే అంటుంది. ఈ విషయంలో మన పోలిక ఇంగ్లీషు పక్కింటి భాష డచ్‌తో కలుస్తుంది. బల్ల మీద గిన్నెకు ఒక మాట, తలుపుకు పిడికి ఒక మాట, వేలికి ఉంగరానికి మరొక మాట వాళ్లకూ విడివిడిగా ఉన్నాయి. పిల్లలు ఇలాంటి మాటలు ఎలా నేర్చుకుంటారో నెదర్లాండ్స్‌లోని నైమెఖెన్‌లో ఉండి ఏళ్ల తరబడి పరిశీలించిన మెలిస్సా బౌవర్‌మన్ చెప్పిన సారాంశం ఇదే: చోటును ముక్కలు చేసే తీరు భాషభాషకూ వేరు, పసిపిల్లలు తమ భాష ముక్కలు చేసే తీరును చాలా చిన్నప్పుడే పట్టేసుకుంటారు. చిలుక విషయంలో మన పిల్లవాడు ‘ఆన్’ అని రాశాడంటే వాడు ఆలోచించకుండా రాయలేదు. తెలుగు కన్నుతో చూసి రాశాడు. రెండో కన్ను తెరిపించడం మన పని.

చోటు, కాలం దాటి మనసులోకి వస్తే దారులు ఇంకా విడిపోతాయి. 2012లో కవ్వాల్ అడవి పులుల అభయారణ్యం అయింది. జన్నారం చుట్టుపక్కల పులి గురించిన మాట కొత్తది కాదు. అక్కడి తెలుగువాళ్లు ‘పులికి భయపడతం’ అంటారు. మరాఠీవాళ్లూ మన ‘కు’ లాంటి ‘లా’ చేర్చి ‘వాఘాలా’ అనే అంటారు. ఉర్దూవాళ్లు ‘షేర్ సే’ అంటారు, పులి నుంచి భయం. ఇంగ్లీషులో అది ‘ఆఫ్’, ‘అఫ్రెయిడ్ ఆఫ్’. భయం ఒకటే, పులి ఒకటే, మాట మాత్రం మూడు తీరులు. ఆదిలాబాద్ బజారులో పెరిగిన పిల్లవాడు ఉర్దూలో ‘సే’ బదులు ‘కో’ అనడు, మరాఠీలో ‘లా’ బదులు ‘పాసూన్’ అనడు. ఎవరూ వాడికి సూత్రం చెప్పలేదు. ఖాళీలు పూరించమని పేపరు ఇవ్వలేదు. విన్నాడు, అన్నాడు, అంతే.

కోపం కథ ఇంకోలా ఉంటుంది. ‘నా మీద కోపం’ అని తెలుగు, ‘ముఝ్ పర్’ అని ఉర్దూ, ‘మాఝ్యావర్’ అని మరాఠీ. మూడు భాషలూ కోపాన్ని మనిషి మీదే పెట్టాయి. అందుకే ఇక్కడి పిల్లలందరూ ఇంగ్లీషులో ‘యాంగ్రీ ఆన్ మీ’ అంటారు. ఇంగ్లీషు మాత్రం ‘విత్’ అంటుంది, లేదా ‘ఎట్’ అంటుంది. మూడు సాక్ష్యాలు ఒక పక్క ఉన్నప్పుడు పిల్లవాడు ఆ పక్క నిలబడటంలో తప్పు ఏముంది? ఇక్కడ కారణం వెతికి లాభం లేదు. ‘యాంగ్రీ’ని ‘విత్’తో కలిపే గుర్తుపెట్టుకోవాలి, మన ఊళ్లలో మనిషిని ఇంటిపేరుతో కలిపి గుర్తుపెట్టుకున్నట్టు. ‘గుడ్ ఎట్’, ‘లిజన్ టు’, ‘వెయిట్ ఫర్’, ‘డిపెండ్ ఆన్’, అన్నీ ఆ జాబితాలోవే. ‘దీని కంటే అది ఇష్టం’ అనే మన వాక్యం ఇంగ్లీషులోకి వెళ్తే ‘కంటే’ పోయి ‘ప్రిఫర్’ వెంట ‘టు’ వస్తుంది. ఎందుకని అడిగితే, ఆ మాటకు అదే ఇంటిపేరు.

కొన్ని చోట్ల మాత్రం కారణం ఉంది, అది చూపిస్తే పిల్లల ముఖాలు వెలుగుతాయి. నిర్మల్ బొమ్మ పొనికి కర్రతో చేస్తారు. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లులో వెదురుతో కాగితం చేశారు. రెండు చోట్లా మనం ‘తో’ అనే అంటాం. ఇంగ్లీషు మాత్రం వేరు చేస్తుంది. బొమ్మను చేతిలోకి తీసుకుంటే, పైన రంగులు ఎన్ని ఉన్నా లోపల ఉన్నది కర్రేనని బరువులోనే తెలుస్తుంది. పొనికి కర్ర తేలిక, గీరితే కర్రే కనపడుతుంది. కర్ర కర్రగానే ఉంది కాబట్టి ‘మేడ్ ఆఫ్’. కాగితాన్ని ఎంత తిప్పి చూసినా వెదురు కనపడదు. ఉడికి, నలిగి, గుజ్జయి వేరే వస్తువైపోయింది, అందుకే ‘మేడ్ ఫ్రమ్’. ఆ కాగితంతో నోటుపుస్తకం కుడితే మళ్లీ ‘ఆఫ్’, ఎందుకంటే పుస్తకంలో కాగితం కాగితంగానే ఉంది. మన జిల్లాల చేతిపనితో, మిల్లుతో ఈ ఒక్క పాఠం చెబితే పిల్లలకు ఇంగ్లీషూ వస్తుంది, తమ ఊరి పని మీద గౌరవమూ కలుగుతుంది.

ఇక అసలు ప్రిపొజిషనే అక్కర్లేని మాటలు. ‘దాని గురించి చర్చించినం’ అని మనసులో ఉంటుంది కాబట్టి ‘డిస్కస్’ వెనక ‘అబౌట్’ పెడతాం. ‘అవ్వకు చెప్పిన’ అని మనసులో ఉంటుంది కాబట్టి ‘టెల్’ వెనక ‘టు’ పెడతాం. ‘ఊరికి చేరిన’ కాబట్టి ‘రీచ్’ వెనక ‘టు’. ‘అతనితో పెండ్లయింది’ కాబట్టి ‘మ్యారీ’ వెనక ‘విత్’. ఇంగ్లీషులో ఈ నాలుగు మాటలూ తమ పని తామే చేసుకుంటాయి, మనిషినో వస్తువునో నేరుగా పట్టుకుంటాయి. ‘మ్యారీడ్’ అయిన తరువాత మాత్రం ‘టు’ వస్తుంది, ‘విత్’ రాదు. ఉద్యోగం చేసే పెద్దవాళ్లు, కలెక్టరేట్‌లో నోటు రాసేవాళ్లు, కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్లు కూడా ఈ నాలుగింట్లో ఒకటో రెండో అలవాటుగా తప్పు రాస్తుంటారు. అది చదువు తక్కువై కాదు. మన ‘కు’, ‘తో’, ‘గురించి’ అంత బలమైనవి, మనం వేరే భాషలోకి వెళ్లినా వెంట వస్తాయి.

ఈ తప్పులన్నీ ఒకే బరువువి కావు. ‘డిస్కస్ అబౌట్’ అన్నందువల్ల ఎవరికీ నష్టం లేదు, అర్థమూ చెడదు. కానీ ఒక జంట ఉంది, దాని దగ్గర మాత్రం నిక్కచ్చిగా ఉండాలి: ‘బై’, ‘అంటిల్’. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు లేని వాడ లేదు. వాళ్ల జీవితం కాగితాల మీద నడుస్తుంది: వీసా, ఒప్పందం, సెలవు దరఖాస్తు. ‘పదో తారీఖు వరకు’ అని మనం రెండు అర్థాల్లో వాడతాం. ‘పదో తారీఖు వరకు ఊళ్లె ఉంట’ అంటే ఆ రోజు దాకా ఉండటం సాగుతుంది. ‘పదో తారీఖు వరకు డబ్బు కట్టాలె’ అంటే ఆ రోజు లోపట ఒక్కసారి కట్టాలి. ఇంగ్లీషు మొదటిదానికి ‘అంటిల్’ అంటుంది, రెండోదానికి ‘బై’ అంటుంది. సెలవు మీద వచ్చిన మనిషి ‘బై’ పదో తారీఖు డ్యూటీలో చేరాలని కాగితం మీద ఉంటే, దాన్ని పదో తారీఖు దాకా సెలవు అని చదువుకుంటే, తరువాతి రోజు విమానం ఎక్కితే, పోయేది జీతం కావచ్చు, కొలువే కావచ్చు. పైగా ‘అంటిల్’ అన్నప్పుడు ఆ రోజు లెక్కలోకి వస్తుందా రాదా అన్న అనుమానం ఇంగ్లీషువాళ్లకే ఉంది. అమెరికావాళ్లు ఆ అనుమానం రాకుండా ‘త్రూ’ అని వాడతారు. అందుకని దరఖాస్తులో ‘ఫలానా రోజుతో కలిపి’ అని స్పష్టంగా రాయించుకోవడం మంచిది. ఈ తేడాను చూడటానికి కూడా ఇంటి మాటలో సాధనం ఉంది. కాగితం మీది మాట దగ్గర ఆగి ‘దాక’నా, ‘లోపట’నా అని ఒకసారి పైకి అనుకుంటే చాలు. దాక అయితే ‘అంటిల్’, లోపట అయితే ‘బై’.

ఇంగ్లీషువాళ్లలోనూ అందరిదీ ఒకటే మాట కాదు. లండన్‌లో ‘ఎట్ ద వీకెండ్’, న్యూయార్క్‌లో ‘ఆన్ ద వీకెండ్’. ఒకరు ఫారం ‘ఫిల్ ఇన్’ చేస్తారు, ఇంకొకరు ‘ఫిల్ అవుట్’ చేస్తారు. ‘డిఫరెంట్’ తరువాత ‘ఫ్రమ్’ అన్నిచోట్లా చెల్లుతుంది గానీ ‘టు’, ‘దాన్’ అనేవాళ్లూ ఉన్నారు. బస్సుకు ‘ఆన్’, కారుకు ‘ఇన్’ అనే అలవాటుకు లేచి నడవగలిగే బండి ఒక రకం, వంగి కూర్చోవాల్సిన బండి ఒక రకం అని కారణం చెప్పుకోవచ్చు. మనకు బస్సుల, కారుల ఒకటే. మోటారుసైకిలు లాంటివాటికి మాత్రం ‘మీద’. పుట్టినవాళ్లకే ఇన్ని దారులు ఉన్న చోట నేర్చుకునేవాళ్లను ఒక్క అక్షరానికి చిన్నబుచ్చడం న్యాయం కాదు.

మరి సరైన మాట ఎలా వస్తుంది? 1979లో జుడిత్ జాన్‌స్టన్, డాన్ స్లోబిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు, ఇటాలియన్, సెర్బో-క్రొయేషియన్, టర్కిష్ పసిపిల్లలను గమనించి ఒక వ్యాసం ప్రచురించారు. నాలుగు భాషల్లోనూ పిల్లలకు లోపల, మీద, కింద, పక్కన అనేవి ముందు వచ్చాయి. మధ్య, ముందు, వెనక అనేవి తరువాత వచ్చాయి. టర్కిష్ మనలాగే మాటను వెనక పెట్టే భాష. ఆ పిల్లలకు ఈ మాటలు ఇంగ్లీషు పిల్లలకంటే త్వరగా వచ్చాయి. నేర్చుకునే క్రమం మనిషి మనసులో ఉంది, వేగం భాష ఇచ్చే సాయంలో ఉంది. క్లాసులో మాత్రం ఈ క్రమం ఏదీ కనపడదు. ‘బిసైడ్’, ‘బిసైడ్స్’, ‘బిట్వీన్’, ‘అమాంగ్’, ‘అబవ్’, ‘ఓవర్’ అన్నీ ఒకే రోజు, ఒకే పట్టికలో, ఒకే గీత కింద వచ్చిపడతాయి.

చెవితో నేర్చిన భాషలు మనిషిని ఎంత దూరం తీసుకుపోతాయో చెప్పడానికి మన జిల్లాలే సాక్ష్యం. హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి చిన్ననాటి చదువు ఉర్దూ మాధ్యమంలో సాగింది. 1988లో జ్ఞానపీఠం అందుకున్నది తెలుగు కవిగా. ఒకప్పటి కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు విశ్వనాథ వేయిపడగలను హిందీలోకి, హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను తెలుగులోకి తెచ్చారు. ఒక భాష ‘మీద’ను ఇంకో భాష ‘పర్’లోకి, ‘వర్’ను ‘మీద’లోకి మార్చే పని పి.వి. వాక్యవాక్యానికీ చేశారు. బహుభాషల నేల మీద పుట్టడం లోటు కాదు, బలం.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో అచ్చయ్యాయి. ఇంగ్లీషూ తెలుగూ ఒకే పుస్తకంలో ఉండటం మంచి ఏర్పాటు. ఆ రెండింటి మధ్య వేలు అటూ ఇటూ కదిపి, ఇక్కడ ‘లో’ ఉంది చూడు, అక్కడ ‘ఇన్’ ఉంది చూడు, ఇక్కడ ‘కు’ ఉంది, అక్కడ ఏమీ లేదు చూడు అని చూపించే సారు ఉంటే అంతకంటే మంచి ప్రిపొజిషన్ పాఠం లేదు. ఆ వేలు కదలకపోతే రెండు భాషలు ఒక అట్ట మధ్య ఉండి కూడా పలకరించుకోవు.

పిల్లల మాట నుంచి మొదలుపెట్టడం ఈ నేలకు కొత్త కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడైన తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిని తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, ఆ దశకంలోనే గోండు పిల్లలకు బడులు పెట్టించాడు. మొదటి వాచకాలు దేవనాగరి లిపిలో, గోండీ భాషలో వచ్చాయి. పిల్లవాడి నోట్లో ఉన్న మాటను ముందు కాగితం మీదికి తెచ్చి, తరువాత మరో భాషకు తీసుకుపోవాలన్నది అక్కడి ఆలోచన. ఇంగ్లీషుకూ అదే వర్తిస్తుంది.

కాబట్టి ఇంగ్లీషు చెప్పే సార్లకూ మేడమ్‌లకూ నా మనవి ఒకటే. ప్రిపొజిషన్ పాఠాన్ని ఖాళీల పట్టికతో మొదలుపెట్టకండి. పిల్లల చేత వాళ్ల ఊరు చెప్పించండి: ఊరు ఏ నది ఒడ్డున ఉంది, ఇల్లు ఏ గుడి కాడ ఉంది, బాపు ఏ ఊళ్లె పనిచేస్తుండు, అన్న ఎన్నేండ్ల సంది దుబాయిల ఉన్నడు. కాడ, మీద, ల, కెల్లి, సంది, దాక, లోపట, ఈ ఏడు మాటలూ బోర్డు మీద రాసి, ఎదురుగా వాటి ఇంగ్లీషు జతలు రాయండి. జత కుదరని చోట కుదరలేదనే చెప్పండి, ఆ మాటను దాని జట్టుతో కలిపి పదిసార్లు పైకి చదివించండి, కథల్లో వినిపించండి. తప్పు రాస్తే దిద్దండి, కానీ ఏ తెలుగు మాట వాణ్ణి అటు లాగిందో కూడా పక్కన రాయండి. తల్లిదండ్రులకూ ఒక మాట: ఇంట్లో పిల్లల ముందు మన తెలుగు మాట్లాడటం వల్ల వాళ్ల ఇంగ్లీషు చెడిపోతుందని భయపడకండి. కాడకూ ల-కూ తేడా గట్టిగా తెలిసిన పిల్లకు ‘ఎట్’కూ ‘ఇన్’కూ తేడా చెప్పడం తేలిక. ఆ తేడా ఇంట్లోనే పోతే, ఏ భాషలో చెప్పినా కష్టమే.